క అంటే 3093



మొన్న ఉగాది కలయికలో ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్నకి అక్కడ జవాబు చెప్పే వీల్లేకపోయింది. పులిహోర పొట్లాలు వచ్చేశాయి, జనం లేచారు. ఆయన అడిగింది ఇదీ: "సంఘం వెబ్ పేజీ మీరిద్దరే కూర్చుని చేస్తున్నారట. కంప్యూటర్ చదివిన పిల్లలు మన ఇళ్ళల్లో ఇంటికొకరున్నారు. వాళ్ళకి చెబితే ఒక ఆదివారం పని. ఈ వయసులో మీకెందుకొచ్చిన తంటా?" ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం కొంచెం పొడుగు. టీ పెట్టుకుని చదవండి.

కొత్తగా చేరిన సభ్యుల కోసం ఒక మాట. మేమంటే మేమిద్దరం. ఒకరు 1983లో రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేరి, పార్సిలు ఆఫీసులూ రిజర్వేషన్ కౌంటర్లూ తిరిగి 2019లో రిటైరైన గుమస్తా. పుట్టిందీ పెరిగిందీ అప్పటి ఉత్తరార్కాడు జిల్లా గుడియాత్తంలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒకటో తరగతి నుంచీ తమిళం, కాలేజీలో చరిత్ర బి.ఏ. రెండోవారు ఇచ్ఛాపురం ఆడపడుచు. తెలుగు మీడియం, తెలుగు ప్రత్యేకాంశంగా బి.ఏ. మా ఇద్దరి చదువూ కలిపినా అందులో కంప్యూటర్ అన్న మాట ఒక్కసారి కూడా రాదు. గుమస్తాకి తెలిసిన కంప్యూటర్ రిజర్వేషన్ కౌంటర్‌లోని తెర ఒక్కటే. అందులో సీటు ఖాళీ ఉందో లేదో కనిపిస్తుంది తప్ప లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మరి ఎందుకు మొదలుపెట్టాం? పాత సభ్యులకి గుర్తుండే ఉంటుంది. కొన్నేళ్ళ కిందట సంఘం డబ్బిచ్చి ఒక సైటు చేయించింది. ఎవరి చేత అన్నది ఇప్పుడనవసరం. చూడ్డానికి బాగానే ఉండేది. పైన గోపాలపురం కెరటం కదిలేది, కింద గుడి గంట మోగేది. కానీ అందులో తెలుగు ఉన్న చోటల్లా ఉన్నది తెలుగు కాదు, తెలుగు ఫొటో. డీటీపీ సెంటర్లో కొట్టించిన కాగితాన్ని ఫొటో తీసి అతికించారు. ఏడాది తిరిగేసరికి రెన్యువల్ డబ్బుల దగ్గర పేచీ వచ్చింది, సైటు మాయమైంది. దాంతో పాటు పాత సంచికల్లోంచి ఎక్కించిన వ్యాసాలూ పోయాయి. వాటి అసలు ఫైళ్ళు సంఘం దగ్గర లేవు. రైల్వేలో పార్సిలు పోతే క్లెయిమ్ పెట్టుకోవడానికి రసీదైనా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు.

అప్పుడనుకున్నాం. పని అందంగా రాకపోతే పోనీ, తాళంచెవి మాత్రం మన దగ్గరుండాలి.

అదే వేసవిలో మా మేనకోడలి కూతురు భువనేశ్వర్ నుంచి సెలవులకొచ్చింది. బి.టెక్. చదువుతోంది. "తాతా, ఏమీ కొనక్కర్లేదు, నోట్‌ప్యాడ్ చాలు" అంది. నోట్‌ప్యాడ్ అంటే ప్రతి కంప్యూటర్లోనూ ఊరికే పడి ఉండే తెల్ల కాగితం. దాంట్లో నాలుగు వరుసలు కొట్టి, సేవ్ చేసి, బ్రౌజర్‌లో తెరిచి చూపించింది. అంతే, అది వెబ్ పేజీ. నెట్ కూడా అక్కర్లేదు. మా ఇంటి వరండాలో, కరెంటు పోయి వచ్చే మధ్యలో, మొదటి పేజీ అలా పుట్టింది.

హెచ్‌టీఎంఎల్ అనే దాన్ని పుస్తకాలు చాలా కష్టంగా చెబుతాయి. మా గుమస్తా బుర్రకి అది రైలు రూపంలో ఎక్కింది. ప్రతి ముక్కకీ ముందు ఒక ట్యాగు, వెనక ఒక ట్యాగు. ఇది పేరా, ఇక్కడ మొదలు. ఇది పేరా, ఇక్కడ ఆఖరు. బండి చివరి పెట్టె వెనక 'ఎల్వీ' అని పలక వేలాడుతుంది చూశారా? అంటే లాస్ట్ వెహికిల్. స్టేషన్ దాటే బండికి ఆ పలక కనిపిస్తేనే బండి మొత్తం వచ్చిందని, మధ్యలో పెట్టెలు తెగి వెనక ఉండిపోలేదని స్టేషన్ మాస్టర్‌కి నమ్మకం. ముగింపు ట్యాగు అదే పలక. అది లేకపోతే బ్రౌజర్ తనకి తోచిన చోట బండి అయిపోయిందనుకుంటుంది.

ఇంకొకటి, ఐడీ, క్లాసు అని రెండున్నాయి. వీటి తేడా దగ్గర కుర్రాళ్ళు కూడా తడబడతారట. మాకు ఒక్క నిమిషం పట్టింది. ఐడీ అంటే స్టేషన్ కోడ్. బీఏఎం అంటే దేశం మొత్తానికి మన బరంపురం ఒక్కటే, ఇంకో స్టేషన్‌కి ఇవ్వరు. క్లాసు అంటే ఎక్స్‌ప్రెస్, ప్యాసింజర్ లాంటిది. ఎన్ని బళ్ళకైనా ఉండొచ్చు. మా ఇంటావిడకి రైలు భాష నచ్చదు. ఆవిడ లెక్క వేరు: ట్యాగు నామవాచకం, దాని పక్కన రాసే అట్రిబ్యూట్ విశేషణం. "వ్యాకరణం వచ్చినోళ్ళకి ఇందులో కొత్తేటుంది?" అని ఆవిడ ప్రశ్న.

కొత్త లేదని కాదు. ఇంగ్లీషే పెద్ద కొండ. ఉచితంగా నేర్పే చోట్లున్నాయి. 2014లో మొదలైన ఫ్రీకోడ్‌క్యాంప్ ఉంది, మొజిల్లా వాళ్ళ పాఠాలున్నాయి. రెండూ మంచివే. కానీ రైల్వే ఇంగ్లీషులో 'సబ్జెక్ట్', 'రిఫరెన్స్', 'ఫర్ నెసెసరీ యాక్షన్ ప్లీజ్' తప్ప ఇంకేముంటాయి? 'రెండర్', 'నెస్టెడ్', 'ఇన్‌హెరిట్' వంటి మాటల కోసం ఒక పాత రిజిస్టరు తీసి మూడు గళ్ళు గీశాం. ఇంగ్లీషు మాట, గుమస్తాకి తట్టిన తమిళం, ఆవిడకి తట్టిన తెలుగు. ఆ రిజిస్టరు ఇప్పుడు నూట పది పేజీలు దాటింది.

ఇక శీర్షికలోని 3093 సంగతి. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాం.

పిల్ల తిరిగి వెళ్ళే ముందు రాత్రి ఒక ఆట చూపించింది. నోట్‌ప్యాడ్‌లో క అని కొట్టి పేజీ తెరిస్తే తెర మీద 'క' వచ్చింది. లోపల రాసింది అంకె, పైకి వచ్చింది అక్షరం. మా ఇంటావిడ 3094 కొట్టమంది. 'ఖ' వచ్చింది. 3095కి 'గ', 3096కి 'ఘ', 3097కి 'ఙ'. పలక మీద ఓనమాలు దిద్దినట్టు వరసగా వచ్చేస్తున్నాయి. ప్రపంచంలోని అక్షరాలన్నిటికీ ఇలా ఒక్కో నంబరు ఇచ్చే పద్ధతిని యూనికోడ్ అంటారు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. మనకి కేటాయించిన వీధి 3072 నుంచి 3199 దాకా, మొత్తం 128 ఇళ్ళు.

గుమస్తాకి ఊరుకోబుద్ధి కాలేదు. తమిళ 'క' ఎక్కడ? 3093లోంచి 128 తీసెయ్యమంది పిల్ల. 2965. కొట్టాం, వచ్చింది. ఒడియా 'క'? ఇంకో 128 తీసెయ్యి. 2837. అదీ వచ్చింది.

కొంచెం ఆగి చూడండి. ఒడియా వీధి 2816 నుంచి 2943. దాన్నానుకుని తమిళం 2944 నుంచి 3071. దాన్నానుకుని తెలుగు 3072 నుంచి. ఎక్కడా ఒక్క ఇల్లు కూడా ఎడం లేదు. గుడియాత్తం బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, బరంపురం బజారులో ఒడియా. ఒక మనిషి నలభై ఏళ్ళపాటు మూడు చోట్ల తిరిగి కూడగట్టుకున్న మూడు భాషలూ ఆ పట్టికలో గోడకి గోడ ఆనుకుని ఉన్నాయి. పైగా మూడు వీధుల్లోనూ ఇళ్ళ వరస ఒకటే. మొదటి వీధిలో 'క' ఎన్నో ఇల్లో మూడో వీధిలోనూ అన్నో ఇల్లే. ఇది కాకతాళీయం కాదు. మన దేశంలో అంతకు ముందే ఇస్కీ అని ఒక ప్రమాణం ఉండేది. భారతీయ లిపులన్నీ ఒకే అక్షరమాల పద్ధతిలో నడుస్తాయి కనక అన్నిటికీ ఒకే గళ్ళ పట్టిక సరిపోతుందని దాన్ని తయారుచేసినవాళ్ళు పట్టుకున్నారు. యూనికోడ్ వాళ్ళు 1988 నాటి ఇస్కీ పట్టికని ఆధారం చేసుకుని మన లిపులకి చోటిచ్చారు.

ఆ రాత్రి గుమస్తా ఇంకో పని చేశాడు. తమిళ వీధిలో 'క' తర్వాతి నంబర్లు కొట్టాడు. 2966, ఖాళీ డబ్బా. 2967, ఖాళీ. 2968, ఖాళీ. 2969కి వచ్చేసరికి 'ఙ'. తమిళంలో ఖ, గ, ఘ లకి విడిగా అక్షరాలు లేవు. ఒకే 'క' రాసి, చోటుని బట్టి పలుకుతారు. అందుకని పట్టిక చేసినవాళ్ళు ఆ మూడు ఇళ్ళూ ఎవరికీ ఇవ్వకుండా వదిలేశారు.

ఆ మూడు ఖాళీ ఇళ్ళూ మాకు కొత్తవి కావు. 1983లో సోంపేట స్టేషన్‌లో పని మొదలుపెట్టినప్పుడు గుమస్తా వయసు ఇరవై నాలుగు. తెలుగు గడగడా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. పార్సిలు మీద పంపినవాడి పేరు తెలుగులో ఉంటే కూలీని పిలిచి చదివించుకోవాలి. నేర్పడానికి మేష్టారెవరూ లేరు. స్టేషన్ బోర్డులే పెద్దబాలశిక్ష. పలాస, మందస రోడ్డు, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం. పైన తెలుగు, పక్కన తెలిసిన ఇంగ్లీషు. పేరు ముందే తెలుసు కనక అక్షరాన్ని విడదీసుకోవచ్చు. పలాస రోజులో వచ్చింది. ఇచ్ఛాపురంలోని 'చ్ఛ' మాత్రం ఆ ఊరి అల్లుడయ్యే దాకా లొంగలేదు. తమిళంలో ఒత్తక్షరం లేదు, అక్షరం కింద అక్షరం వేలాడదు. ఆ రోజుల్లో పడ్డ అవస్థ మొత్తం ఇప్పుడు మూడు ఖాళీ డబ్బాలుగా తెర మీద కనిపించింది. నవ్వొచ్చింది. ఎవరో కూర్చుని ఈ ఖాళీలని లెక్కపెట్టి, వదిలిపెట్టి, నంబర్లు వేశారు!

ఇందులో సంఘానికి పనికొచ్చే సంగతి ఇది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు లోపల తెలుగు కాదు. లోపల ఇంగ్లీషు అక్షరాల నంబర్లే ఉంటాయి, పైన తెలుగు ముసుగు వేస్తారు. ఫాంటు తీసేస్తే అర్థం లేని ఇంగ్లీషు బయటపడుతుంది. ఫొటో అయితే అక్షరమే లేదు, రంగు చుక్కలు. అందుకే మన సంఘం ఇరవై ఏళ్ళ తెలుగు నెట్‌లో ఎంత వెతికినా దొరకదు. వెతికే యంత్రానికి అక్కడ తెలుగు ఉన్నట్టే తెలీదు.

వెతకడం సంగతి అలా ఉంచండి. అసలు నష్టం ఏమిటో మాకు తెలిసింది మాస్టారి ఇంట్లో.

పేరు రాయం. భాపూరు వైపు ఉంటారు, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఎనభై దాటింది. గ్లకోమాతో చూపు పోయి ఆరేళ్ళవుతోంది. ఆయన ఫోనులో తెర మీదున్నది చదివి వినిపించే ఏర్పాటు ఉంది, మనవడు పెట్టాడు. మన గ్రూపులో నోటీసులన్నీ ఫొటోలుగానే కదా వస్తాయి. నోటీసు రాగానే ఆయన వేలు పెడితే ఫోను "ఇమేజ్" అంటుంది. అంతే. ఉగాది కలయికకీ అదే మాట, సంతాప సభకీ అదే మాట. కోడల్ని చదవమని అడగొచ్చు. ఆ అమ్మాయి బంగారం లాంటిది, ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, కానీ చదువంతా ఒడియా మీడియం. మనవడిది ఇంగ్లీషు మీడియం. నలభై ఏళ్ళు తెలుగు చెప్పిన ఇంట్లో తెలుగు చదవగలిగేది ఇప్పుడు ఆ ఫోను ఒక్కటే. మనం దానికీ చదవడానికి ఏమీ ఇవ్వడం లేదు.

మా పేజీ మొదటి ముక్క తయారైన వారం అక్కడికి వెళ్ళాం. పేజీ మొదటి వరుసలోనే ఇది తెలుగు అని రెండక్షరాల గుర్తు రాస్తాం. తెలుగుకి టీ-ఈ, ఒడియాకి ఓ-ఆర్, తమిళానికి టీ-ఏ. చదివే యంత్రం ఆ గుర్తు చూసి ఏ భాష గొంతు తియ్యాలో తెలుసుకుంటుంది. పేజీలో ఉన్నది మన బరంపురం తెలుగు మాటల పట్టిక. ఫోను మొదలుపెట్టింది: చోళ్ళు, రాగులు. ఆనపకాయ, సొరకాయ. గుంటడు, కుర్రాడు. మరమనిషి గొంతే, దీర్ఘాలు కొంచెం తేడాగా పలుకుతుంది. మాస్టారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని అయిపోయే దాకా కదల్లేదు. మెచ్చుకుంటారేమో అని చూశాం. ఆయన ఫోను కింద పెట్టి, "తరవాణి లేదే? రాసుకోమ్మా" అన్నారు మా ఇంటావిడతో. ఆ సాయంత్రం వరసపెట్టి అరవై మాటలు చెప్పారు. కోడలు టీ తెచ్చి, అక్కడే నిలబడి, కొన్నిటికి ఒడియా మాట అందించింది. ఆవిడ చెప్పినవన్నీ పట్టికలో ఆవిడ వాటాగా ఎక్కాయి.

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్నకి జవాబు సగం వచ్చింది. పిల్లలకి చెబితే ఒక ఆదివారంలో పేజీ చేసేస్తారు, నిజమే. కానీ ఫొటో ఎందుకు వద్దో, ఏ మాట కింద ఎవరి పేరుండాలో, ఏ గడిని ఖాళీగా వదలాలో పిల్లలకి ఎవరు చెబుతారు? అది కోడింగ్ కాదు. చరిత్ర బి.ఏ.లో మొదటి ఏడాది నేర్పినది: ఈ మాట ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ విన్నది? అందుకే మా పట్టికలో ప్రతి మాట పక్కనా వీధి పేరు, చెప్పినవారి వయసు, విన్న సంవత్సరం ఉంటాయి. తెలియకపోతే గడి ఖాళీ. తమిళ వీధిలో 2966 ఇల్లు వదిలినట్టు.

సీఎస్ఎస్ గురించి ఎక్కువ చెప్పం. అది అలంకారం. 1994లో హాకోన్ లీ అనే నార్వే ఆయన ప్రతిపాదిస్తే 1996లో ప్రమాణమైంది. రాసిన విషయం ఒక చోట, దాని సింగారం ఇంకో చోట ఉండాలన్నది ఆ ఆలోచన. అందులో ఒక్క సంగతి మాత్రం మా ఇంటావిడ పట్టుకున్నది చెప్పాలి. పేజీలో ప్రతిదీ ఒక పెట్టె. లోపల విషయం, దాని చుట్టూ మెత్తగా కొంత ఖాళీ, దాని చుట్టూ అంచు, అంచు బయట ఇంకొంత ఎడం. వెడల్పు 300 అని రాస్తే అది లోపలి విషయానికే లెక్క. రెండు పక్కలా ఖాళీ ఇరవై ఇరవై, అంచు ఐదు ఐదు కలిపితే 350 అయి కూర్చుంటుంది. ఆవిడ ఒప్పుకోలేదు. "బరంపురం పట్టు కొంటే పన్నా అంచుతో కలిపే కదా కొలుస్తారు! ఫోడా కుంభం అంచుని వదిలేసి చీర కొలిచే షావుకారు ఎక్కడైనా ఉన్నాడా?" వెతికితే తెలిసింది, సీఎస్ఎస్‌లో అలా కొలిచే పద్ధతి కూడా ఉంది. బోర్డర్-బాక్స్ అంటారు. ఒక్క వరుస రాస్తే చాలు. ఇప్పుడు మన పేజీలన్నీ పట్టుచీర కొలతలోనే ఉన్నాయి.

వరుసల మధ్య ఎడం కూడా మనమే చూసుకోవాలి. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం మనకి చాలదు. పై వరుసలోని ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. మేం 1.8 పెట్టాం. పక్కకి వాలే అక్షరాలు తెలుగుకి నప్పవు, తీసేశాం. పెద్ద అక్షరాల శీర్షికలకి 'గిడుగు' అనే ఫాంటు వాడాం. గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు మీద పెట్టారు.

ఆ పేరు పలికాక ఊరికే వెళ్ళలేం. ఆయన మన పర్లాకిమిడి మనిషి. ఇప్పుడది గజపతి జిల్లా అంటున్నారు గానీ 1992 దాకా గంజాం జిల్లాయే. బడిపంతులు. ముఖలింగం గుడిలో శాసనాలు చదవాలనిపిస్తే ప్రాచీన లిపుల పుస్తకం తెప్పించుకుని సొంతంగా నేర్చుకున్నారు. సవర భాష నేర్చుకోవాలనిపిస్తే పుస్తకమే లేదు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో. అప్పటికి ఆయనకి డెబ్బై ఐదేళ్ళు. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఒప్పుకోలేక ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఉండిపోయినవాళ్ళం. ఉండిపోయినవాళ్ళ తెలుగు ఎలా ఉంటుందో రాసి పెట్టడం మన వంతు పని అని మేమనుకుంటాం. ఆయన వెళ్ళిపోవడం సరేనా కాదా అన్న వాదన ఈ గ్రూపులో ఇదివరకే చాలా జరిగింది, మళ్ళీ మొదలుపెట్టకండి దయచేసి.

ఇక జావాస్క్రిప్ట్. బ్రెండన్ ఐక్ అనే ఆయన 1995లో పది రోజుల్లో దాని మొదటి రూపం రాసేశాడట. ఆయన పది రోజుల్లో రాసిన దాంట్లోంచి ఒక్క వెతికే పెట్టె తయారు చెయ్యడానికి మాకు ఐదు నెలలు పట్టింది. ఇప్పుడది పని చేస్తోంది. మాటలో రెండక్షరాలు కొడితే ఆ మాటలున్న వరుసలే మిగులుతాయి. చిత్రం ఏమిటంటే, 'స్త్రీ' అనేది మనకి ఒక్క అక్షరం. దాని పొడుగెంత అని జావాస్క్రిప్ట్‌ని అడిగితే ఆరు అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. మా ఇంటావిడ సంధి విడగొట్టినట్టు విడగొట్టి, "ఆరే, సరిగ్గానే చెప్పింది" అని ఒప్పుకుంది. ఇంకా ఒక కనిపించని అక్షరం ఉంది, నంబరు 8204. 'స్టేషన్‌లో' అని రాసినప్పుడు 'న్' కింద 'ల' ఒత్తుగా దూరిపోకుండా మధ్యలో నిలబడుతుంది. తెర మీద కనిపించదు, డ్యూటీ మాత్రం చేస్తుంది. రాత్రి పూట గేటు దగ్గర నిలబడే గేట్‌మన్ లాగ.

ఖర్చు అడిగేవాళ్ళ కోసం: ఇప్పటి వరకూ సున్నా. గిట్‌హబ్ అనే చోట ఇలాంటి పేజీలు ఉచితంగా పెట్టుకోవచ్చు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బర్నర్స్-లీ పని చేసిన సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న దాన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని రాసిచ్చింది. ఆ పుణ్యమే ఇదంతా. మొత్తం పట్టిక ఫైళ్ళన్నీ కలిపినా ఫోనులో తీసిన ఒక్క ఫొటో అంత బరువు లేవు. నకలు ఒకటి మా ఇంట్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో సంఘం బీరువాలో, ఒకటి భువనేశ్వర్‌లో ఆ పిల్ల దగ్గర. ఈసారి ఎవరితో పేచీ వచ్చినా మాటలు పోవు.

పట్టికలో మాకు బాగా ఇష్టమైన వరుస 'అప్ప'. శ్రీకాకుళం వైపు, మన దగ్గరా, అప్ప అంటే అక్క. ఒడియాలో 'అపా' అన్నా అక్కే. తమిళంలో 'అప్పా' అంటే నాన్న. మా పెళ్ళైన కొత్తలో ఇచ్ఛాపురం నుంచి "అప్ప వస్తాది" అని కబురొస్తే, వచ్చేది మావగారో వదినగారో ఎందుకైనా మంచిదని గుమస్తా స్టేషన్ బయట రెండు రిక్షాలు మాట్లాడి ఉంచాడు. ఆ పక్క వరుసలో చద్దన్నం: ఒడియా గడిలో పఖాళ, తమిళ గడిలో పళైయ సోఱు. చోళ్ళ వరుసలో ఒడియాకి మాండియా, తమిళానికి కేళ్వరగు. తమిళ గడి ఎందుకని ఒకరడిగారు. అది మా ఇంటి పన్ను, వసూలు చేసుకుంటున్నాం.

ప్రస్తుతం 612 వరుసలున్నాయి. వంటిల్లు, చుట్టరికాలు, పొలం దాదాపు నిండాయి. రెండు విభాగాలు బోసిగా ఉన్నాయి. ఒకటి ఠాకురాణి యాత్ర. రెండేళ్ళకోసారి ఊరంతా వేషాలు కడతాం గానీ ఆ వేషాల పేర్లు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎలా పిలుస్తారో పదిహేనుకి మించి దొరకలేదు. రెండోది మగ్గం. పడుగు, పేక, నాడె, అచ్చు, కండె వరకూ మాకు తెలిసినవి ఎక్కించాం. మగ్గం మీద కూర్చున్న చెయ్యి తప్ప ఇంకెవరూ చెప్పలేని మాటలు ఇంకా ఎన్నో ఉంటాయి. నేతపని చేసిన ఇళ్ళవాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో నాన్నమ్మో తాతగారో ఉంటే వాళ్ళనడిగి, వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు, రాయక్కర్లేదు. ఫొటో మాత్రం పంపకండి.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి మేం మాస్టారి ఇంట్లోనే ఉంటాం. వచ్చేవాళ్ళు రావచ్చు. నాడె వరుసలో ఒడియా గడి నింపుతానని కోడలు మాటిచ్చింది, వాళ్ళ పుట్టింట్లో మగ్గం ఉండేదట.